మేనమామకు ఇరవై ఒత్తుళ్లు

రాష్ట్రం వచ్చి కొన్నేళ్లయింది, ఫోన్లో నెట్టు నీళ్లకన్నా చవకైంది, నా డిగ్రీ కూడా ఎలాగో గట్టెక్కింది. ఆ రోజుల్లో నల్గొండలో మా కిరాయి గదిలో నలుగురం ఉండేవాళ్లం. ముగ్గురు పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, నాలుగోవాణ్ణి నేను. నాకు పరీక్షలంటే పడదు (పరీక్షలకూ నేనంటే పడదు, ఆ సంగతి మార్కుల మెమోలే చెబుతాయి). అందుకని, ఇంట్లో కూర్చుని వెబ్‌సైటుతో సంపాదించడం ఎలాగో చెప్పే వీడియోలు చూసేవాణ్ణి. వాటిలో ఒకాయన చేతులు తిప్పుతూ, 'పెద్ద బజారులో దుకాణం పెట్టకండి, చిన్న సందు పట్టుకోండి, ఆ సందులో మీరొక్కరే ఉండాలి' అనేవాడు. అది ఏ సందో తెలియాలంటే జనం ఫోన్లో ఏ మాటలు కొట్టి వెతుకుతున్నారో చూడాలట. ఆ మాటల్నే కీవర్డులంటారు. వాటిని లెక్క తీసి చూపే సాధనానికి డబ్బు కట్టాలి. కట్టలేనివాళ్లకు రోజుకు మూడు మాటలు ఉచితం. నేను మొదటి రోజు మూడు మాటల్నీ కొత్త ఫోన్ల మీదా, సినిమా కబుర్ల మీదా, బరువు తగ్గడం మీదా ఖర్చు పెట్టాను. మూడు సందుల్లోనూ లోకమంతా ముందే బైఠాయించి ఉంది. నాలుగో మాట తట్టినా మర్నాటిదాకా ఆగాల్సిందే. అలా పది రోజులు రోజుకు మూడు మాటల ఉపవాసం చేసి, సందు దొరక్క ఊరికి బస్సెక్కాను.

మాది కల్వకుర్తి దిక్కు, గొర్రెల ఇల్లు. బస్సు దిగి ఇంకా కాళ్లు కడుక్కోలేదు, పక్కింటి చిన్నాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. "నువ్వు సదువుకున్నోనివి గద, మా గొర్రె రెండొద్దుల సంది పారుతాంది. జర ఫోన్ల సూడు" అన్నాడు. చూశాను. ఇంగ్లీషులో బోలెడంత ఉంది, తెలుగులో అక్కరకొచ్చేది ఒక్కటీ లేదు. చిన్నాయన గొర్రె పారుతోందని సంతోషించినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. నా సందు దొరికింది! ఆ వారమే అన్నిటికన్నా చవకైన వెబ్‌సైటు పేరొకటి కొని, ఉచితంగా వచ్చే అచ్చులో సైటు కట్టి, మొదటి వ్యాసం రాశాను. పేరు 'మేషములలో అతిసార వ్యాధి - నివారణోపాయములు'. నెల తిరిగినా దాన్ని చదివింది ఒక్కడే, అది నేనే (అచ్చుతప్పులు దిద్దడానికి వెళ్లాను).

నన్ను దారిలో పెట్టింది పశువుల మందుల షాపు భాయ్. గొర్రెల సంత రోజు ఆయన కొట్టు ముందు మందుల డబ్బా ఒకటి బోర్లేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లు ఏమడుగుతారో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. "ఏందిర బయ్, పంచనామా రాస్తున్నవా?" అని మొదట్లో కోప్పడ్డాడు. విషయం చెప్పి నా వ్యాసం చూపిస్తే, కళ్లద్దాలు పైకి జరిపి పేరు చదివి, చాలాసేపు నవ్వాడు. "గీ మేషం ఏ ఊర్ల మేస్తది? ఇరవై ఏండ్ల సంది దుకాన్ల కూసున్న, ఒక్కడు గిట్ల అడగలే. గొర్రె పారుతాంది అంటరు, పొట్టుబ్బింది అంటరు, పిల్లకు పాలిస్తలేదు అంటరు. ఆళ్లు అడిగినట్టు రాయి, ఆళ్లే వస్తరు." రోజుకు మూడు మాటల సాధనం చెప్పనిది భాయ్ ఒక్క పూటలో చెప్పాడు, పైగా చాయ్ కూడా ఆయనే తాగించాడు. పాత వ్యాసానికి 'గొర్రె పారుతుంటే ఏం చేయాలి' అని పేరు మార్చాను. భాయ్‌ని అడిగి, ఊరి పశువుల డాక్టరును అడిగి మరో పాతిక రాశాను. మెల్లగా మనుషులు వచ్చారు. మొదట రోజుకు ఎనిమిది మంది, తర్వాత ఎనభై. ఒక ప్రకటనల కంపెనీ నా సైటులో ప్రకటనలు పెట్టుకోవడానికి ఒప్పుకుంది కూడా.

కానీ బాపుకు కంటికి కనపడేది కావాలి. అక్కను ఇచ్చింది షాద్‌నగర్‌లో. బావ అక్కడొక పైపుల కంపెనీలో పనిచేస్తాడు, నాకోసం ఒక ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. బాపు గడువు పెట్టాడు. "మనుమని పుట్టెంటుకలు అయ్యేదాంక సూస్త. అంతల నీ కంపెనోళ్లు ఒక్క కాయితం పంపిండ్రా, ఉండు. లేకుంటే బావెంట షాద్‌నగర్ పో." కాయితం వచ్చే మార్గం లేకపోలేదు. సంపాదన ఒక గీత దాటితే కంపెనీ మన చిరునామాకు పేరు వేసి ఉత్తరం పంపుతుంది. ఆ గీతకు నేను జానెడు దూరంలో ఉన్నాను. ఊళ్లోనే ఉండి, గొర్రెల నడుమే బతుకుతూ, వాటి గురించే రాసుకోవచ్చునన్న ఆశ నాకు ఎంత ఉండేదో ఇప్పుడు చెబితే సిగ్గేస్తుంది. పొద్దున లేవగానే పోస్టుమాన్ సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించేవాణ్ణి.

ఒకనాడు అన్నాల దగ్గర అవ్వ ఆరా తీసింది. "పైసలు ఎట్లొస్తయిర నీకు?" సైటులో కనిపించే ప్రకటన మీద ఎవరైనా ఒత్తితే వస్తాయని చెప్పాను. "ఒత్తినోళ్లకు ఏమన్న పోతదా?" పోదన్నాను. "మరి ఒత్తెటందుకు ఏం రోగం?" అంది అవ్వ. మన ఇంట్లో వాళ్లు ఒత్తితే కంపెనీ కనిపెట్టి ఖాతా మూసేస్తుందని, ఎవ్వరూ ఒత్తవద్దని, అవ్వ, అమ్మ, బాపు ముగ్గురి చేతా ఒట్టేయించుకున్నాను. ఆ ఒట్టు వాళ్లు తప్పలేదు. అదే నా కొంప ముంచింది.

పుట్టెంటుకల రోజు మేనమామను గనక అక్క కొడుకును ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. క్షవరం చేసే తాత కత్తి నూరి, "పానం బోయినా కదలకు బిడ్డా, పసిగుడ్డు" అన్నాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే రెండు చేతులతో తల పట్టుకున్నాను. మా దిక్కు ఫంక్షన్లలో చుట్టాలు పెట్టే కట్నాలు మైకులో చదివిస్తారు. పెట్టినవాళ్ల పేరు అందరికీ వినబడాలి. ఎవరికన్నా ఎవరు తక్కువ కాకూడదు. చదివింపులు మొదలయ్యాయి. బట్టలు, వెండి మొలతాడు, ఒక గొర్రెపిల్ల. ఉన్నట్టుండి మైకులో వినబడింది: "కల్వకుర్తి పెద్దమ్మ దిక్కు నుంచి మేనమామ వెబ్‌సైటుకు పది ఒత్తుళ్లు!"

చప్పట్లు కొట్టారు. నేను "అయ్యో, వద్దు" అని అరిచాను గానీ, పిల్లవాడు నాకన్నా గట్టిగా అరిచాడు. లేవబోతే తాత నా భుజం అదిమి, "కత్తి!" అన్నాడు. అంతలో మా మేనత్త మొగుడు లేచాడు. పెద్దమ్మ దిక్కు వాళ్లతో ఆయనకు ఎప్పణ్ణుంచో పోటీ. "ఆళ్లు పది అయితే మాయి ఇరవై రాస్కో!" అని, ఫోనున్న తన దిక్కు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టాడు. మైకు ఆగలేదు. "మేనత్త దిక్కు నుంచి మేనమామకు ఇరవై ఒత్తుళ్లు!" చింతచెట్టు కింద, వంటల దగ్గర, పీటల మీద, ఎక్కడ చూసినా తలలు వంచి ఒత్తేవాళ్లే. ఒకాయన జుట్టు మొలిపించే నూనె ప్రకటన మీద ఒత్తుతున్నాడు, నా ఒళ్లోవాడికి గుండు అవుతూనే ఉంది. ఒకావిడ బంగారం లోను ప్రకటనలో తన ఫోను నంబరు కూడా ఇచ్చింది (ఆ తర్వాత వారం పాటు రోజూ ఫోన్లొచ్చాయట, కష్టసుఖాలు మాట్లాడుకున్నారట). గుండు పూర్తయి నేను లేచేసరికి రెండు వంద‌ల ఒత్తుళ్లు చదివించారు.

మర్నాడు పొద్దున కంపెనీ నుంచి నిజంగానే ఉత్తరం వచ్చింది, ఫోన్లోకి. మీ ఖాతాలో అనుమానాస్పదమైన ఒత్తుళ్లు జరిగాయి, మూసేశాం, మళ్లీ తెరవం అని. బాపు అడిగితే చదివి తెలుగులో చెప్పాను. "మన ఇంటోళ్లం ఒక్కలం గూడ ఒత్తలే గద!" అంది అవ్వ. ఒక్క జాగా నుంచి అంతమంది ఒత్తితే వాళ్లు దొంగతనం అనుకుంటారన్నాను. అవ్వకు కోపమొచ్చింది. "సుట్టాలు ఒక్క జాగల గాకుంటే యాడ కూసుంటరు?"

"అసలు మైకుల ఎవరు చెప్పిచ్చిండ్రు?" అని నేను ఎగిరాను. అమ్మ వంటింట్లోకి వెళ్లింది. అవ్వ పక్కకు చూసింది. బాపు తన చేతికర్ర వైపు చూస్తూ, "నేనే" అన్నాడు. "గా కాయితం వస్తదనుకున్న. వస్తే నువ్వు యాడికి పోవు గద అనుకున్న." నన్ను షాద్‌నగర్ పంపడానికి గడువు పెట్టిన మనిషి, ఆ గడువులో నేను నెగ్గాలని నాకన్నా ఎక్కువ కోరుకున్నాడన్నమాట. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఏడుపొచ్చింది, గొర్రెల దొడ్డి వైపు వెళ్లి అది పూర్తి చేసుకుని వచ్చాను. ఆ ఆదివారం బావ వెంట బస్సెక్కాను.

ఇప్పుడు నేను షాద్‌నగర్‌లో పైపుల లెక్కలు చూసేవాళ్లలో కాస్త పెద్దవాణ్ణి. సైటు పేరు గడువు తీరి ఎవరిదో అయిపోయింది. మొన్న సెలవుకు ఊరు వెళ్తే, బాపు అరుగు మీద కూర్చుని ఫోన్లో ఏదో వీడియో చూస్తున్నాడు. మధ్యలో ట్రాక్టరు ప్రకటన వచ్చింది. వేలు జాగ్రత్తగా చాపి దాని మీద ఒత్తాడు. కాసేపటికి చీరల ప్రకటన వస్తే దాని మీదా ఒత్తాడు.

"బాపూ, అవి అడ్వటైజులు. ఎందుకు ఒత్తుతున్నవ్?"

"ఎరికే" అన్నాడు, ఫోను మీంచి తల ఎత్తకుండానే. "ఎవని కొడుకో ఇంటికాడ ఉంటడని."

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ తర్వాత పళ్లపొడి ప్రకటన వచ్చింది. బాపు చెయ్యి కదిలించేలోపే నేను ఒత్తాను.