మా బడి గేటు మీది అతిశయోక్తి

చిక్కడపల్లి సందులోని ఆ ప్రైవేటు బడిలో నేను తెలుగు టీచర్ని, అదీ టెంపరరీ. మార్చిలో ఒకరోజు బడి యజమాని కరస్పాండెంటు గారు వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారు. నచ్చితే జూన్‌లో మళ్లీ రమ్మంటారు, లేకపోతే లేదు. అశోక్‌నగర్‌లో మా ఇంటి కిరాయి నా ఒక్కదాని జీతం మీదే నడుస్తోంది కాబట్టి ఆయనకు నచ్చి తీరాలి.

నాకేమో నోటి దురుసు. ఏడో తరగతికి అలంకారాలు మొదలుపెట్టిన రోజే మండిపోయాను. ఉపమకు ఉదాహరణ రాయమంటే క్లాసు క్లాసంతా గైడులోంచి దింపేసింది: ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది.

"ఏందిది? ఈ క్లాసుల చంద్రబింబం లాంటి ముఖం ఒక్కటి చూపియ్యిండ్రి!" అని అరిచాను. పాపం, అందరూ మర్యాద కొద్దీ నా వైపే చూశారు. నవ్వాపుకోలేక చచ్చాను. "గైడు మూసెయ్యిండ్రి. మీరు చూసింది, మీరు విన్నది చెప్పుండ్రి" అన్నాను.

అంతే, క్లాసుకు ప్రాణం వచ్చింది. "నారాయణగూడ ఫ్లైఓవర్ కింద మా ఆటో నత్త లెక్క పోయింది టీచర్." ఇది ఉపమ. "మా అన్న హాస్టల్ సాంబార్ల పప్పు దొరకాలంటే ఈత రావాలె." ఇది అతిశయోక్తి. ఆ అన్న గ్రూప్స్‌కి చదువుతున్నాడట. ఈ పిల్లవాడు ఆదివారం అక్కడికి వెళ్లి తినొచ్చాడు.

కరస్పాండెంటు గారు వచ్చిన రోజు ఉన్నవాటిలో మంచి చీర కట్టుకెళ్లాను. "ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్తే అతిశయోక్తి. ఉదాహరణ ఎవరు చెప్తరు?" అని అడిగాను.

ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. "మన గేటు మీది ఫ్లెక్సీ, టీచర్. 'కనుచూపు మేర క్రీడా మైదానం.'"

మా మైదానం మూడో అంతస్తు మీది డాబా. నీళ్ల ట్యాంకులు పోగా మిగిలిన జాగాలోనే ఆటలన్నీ. బంతి కింద పడితే సందులోని ఇస్త్రీ బండాయన దయతలచి పైకి విసరాలి.

వెనక బెంచీ నుంచి కరస్పాండెంటు గారు గొంతు సవరించుకున్నారు. "కరెక్టేనా, టీచర్?"

"అది... స్వభావోక్తి అమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పుడు" అన్నాను. ఛీ, అనగానే నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం నన్ను నమ్మింది. "సారీ టీచర్" అని కూర్చుని, నోట్సులో ఫ్లెక్సీ మాట పక్కన సరిగ్గా రాసుకున్న 'అతిశయోక్తి'ని కొట్టేయబోయింది.

చూస్తూ ఊరుకోలేకపోయాను. "కొట్టెయ్యకు బిడ్డా! నువ్వు చెప్పిందే కరెక్టు. అది అతిశయోక్తే. నేనే తప్పు చెప్పిన."

పోతే పోయింది ఉద్యోగం అనుకున్నాను.

కరస్పాండెంటు గారు లేచి ఆ అమ్మాయి దగ్గరకొచ్చారు. "ఉన్నదున్నట్టు రాస్తే మన బడికి ఎవరొస్తరమ్మా?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలియనట్టు.

"వస్తరు సార్. మా అమ్మ గ్రౌండ్ చూసి చేర్పియ్యలే. ఇంటికి దగ్గరని చేర్పించింది."

క్లాసంతా గొల్లుమంది. ఆయన ముఖం ఎర్రబడింది. గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి నా వైపు తిరిగారు.

"టీచర్, జూన్‌ల రాండ్రి. గని అడ్మిషన్లప్పుడు ఈ పిల్లను గేటు కాడికి రానియ్యకుండ్రి."