వినయంగా పోగొట్టుకున్న అడ్మిన్

శనివారం మధ్యాహ్నం మూడూ యాభైకి కరెంటు వచ్చింది. బెంజ్ సర్కిల్ వెనక మా సందులో కరెంటు పోవడమూ రావడమూ వార్తలు కావు. కానీ ఆ రోజు అది ఇంకో గంట ఆలస్యంగా వచ్చి ఉంటే, కూచిపూడి దగ్గర ఒక పెళ్లి ప్రశాంతంగా జరిగిపోయేది. నా పేరు ఆ ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ సాయంత్రం ఆరింటికి మా చర్చిలో అక్క జ్ఞాపకార్థ కూడిక. అక్క పోయి ఏడాది. పోయేదాకా మా పాటల బృందాన్ని, అదే క్వయర్‌ను, నడిపింది తనే. ఆమె గొంతు ఉన్న రికార్డింగు ఒక్కటే మిగిలింది. దాన్ని తీసిన ఫోను బందరు కాలువలో ఉంది. అది జారింది నా చేతిలోంచే, కానీ ఒక రోజుకు ఒక అవమానం చాలు. కాపీ మాత్రం చర్చి వెబ్‌సైటులో ఉంది.

బావ నన్ను అడిగింది ఒక్కటే. "ఇవాళ మీ అక్క గొంతు వినిపించరా. ప్రసంగాలు తగ్గినా ఫర్లేదు."

వినిపిస్తానన్నాను. కరెంటు రాగానే కంప్యూటరు ఆన్ చేసి, సైటులోకి వెళ్లి, ఫైలు మీద నొక్కాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి: "ఈ ఫైలు తెరవడానికి మీకు అనుమతి లేదు."

సైటు కట్టింది నేను. ఆ ఫైలు అక్కడ పెట్టింది నేను. ఆ ఎర్ర వాక్యాన్ని ఇంగ్లీషులోంచి తెలుగు చేసింది కూడా నేనే. నా అనువాదమే నన్ను గుమ్మంలో ఆపేసింది.

ఇలా ఎందుకైందో చెప్పాలి. సైటు పెట్టిన కొత్తలో ఎవరికి ఏ హోదా ఇవ్వాలో కమిటీలో తేల్చాల్సి వచ్చింది. అడ్మిన్ అన్నీ చేయగలడు. ఎడిటర్ రాతలు దిద్దగలడు. సభ్యుడు చదవగలడు, అంతే. పనిని బట్టి పంచితే సరిపోయేది. సంఘ పెద్ద జీవరత్నం గారు కళ్లజోడు సర్దుకుని అడిగారు.

"ఎడిటర్ అంటే అడ్మిన్‌కి కిందా, పైనా?"

"కిందేనండీ. కానీ మీ పనికి అది చాలండీ."

"చాలుద్దో లేదో తర్వాత చూద్దాం. కింద అన్నావుగా."

కోశాధికారి సులోచన ఆంటీ అందుకుంది. "ఆయనకేదిస్తే నాకూ అదే ఇవ్వు బాబూ. నేనేం అడగట్లా. ఊరికే చెప్తున్నా."

పాస్టరు అయ్యగారితో సహా ముగ్గురినీ అడ్మిన్లను చేశాను. ఇక మిగిలింది నేను. చర్చిలో అందరం కలిసి తినే మా ప్రేమ విందులో వడ్డించేవాడు అందరి తర్వాత తింటాడు. పెద్దల పేర్ల పక్కన నా పేరు కూడా అడ్మిన్ అని కనబడితే ఏం బాగుంటుంది? తన హోదాను తానే తగ్గించుకోవడానికి ఆ సిస్టం ఒప్పుకోదు. అది తెలివైనది. నేను దానికంటే తెలివైనవాణ్ణి. జీవరత్నం గారి ఫోను అడిగి తీసుకుని, ఆయన అకౌంటులోంచి లోపలికెళ్లి, నన్ను నేను సభ్యుడిగా దించేసుకున్నాను. నా వినయానికి నేనే పొంగిపోయి ఆ పూట అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

పైగా అది క్వయర్ సాధన రికార్డింగు. అడ్మిన్లకు తప్ప ఎవరికీ తెరుచుకోకుండా తాళం వేయమన్నది అక్క. "మన తప్పులు దేవుడికి తెలిస్తే చాలు, గుంటూరుకి తెలియక్కర్లేదు" అంది. ఆ తాళం నేనే వేసి, నేనే బయట నిలబడ్డానన్నమాట.

జీవరత్నం గారికి ఫోను చేశాను.

"వందనాలండీ. ఒకసారి లాగిన్ అయ్యి నన్ను అడ్మిన్ చేయాలండీ."

"నేనెట్టా చేస్తానయ్యా? నన్ను తీసేశారుగా."

"ఎవరండీ?"

"అయ్యగారు. కమిటీ అన్నాక ఒకరు పైన, ఒకరు కింద ఉండాలని సులోచన గారిని నేను ఎడిటర్ చేశా. ఆవిడెళ్లి అయ్యగారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. సమానంగా ఉండాలని ఆయన నన్నూ దించారు. నీకెవరూ చెప్పలా?"

ఎవరూ చెప్పలేదు. సభ్యుడికి ఎవరు చెప్తారు?

మిగిలిన అడ్మిన్ అయ్యగారొక్కరే. ఆయన కూచిపూడి దగ్గర పెళ్లి చేయిస్తున్నారు. ఆయనకు ఫోను చేస్తే ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య ఎత్తారు. ఆవిడను మేమంతా అమ్మగారు అంటాం. గుసగుసగా పలికారు.

"ఏంటి నాయనా? పెళ్లి జరుగుతోంది."

"ఒక్క నిమిషం అమ్మగారూ. అయ్యగారి ఫోనులో సైటు తెరిచే ఉంటుంది కదండీ?"

"ఉంటుంది. ఎంతమంది చూశారో రోజూ చూసుకుంటారుగా."

"సభ్యులు అని ఉన్నచోట నొక్కి నా పేరు వెతకండి."

చెవి దగ్గర పెట్టుకుంటే తెర కనబడదు కాబట్టి ఆవిడ స్పీకర్ నొక్కారు. శబ్దం బాగా తగ్గించాననే అనుకున్నారట.

"దొరికావు. పక్కన పెన్సిలు బొమ్మ, చెత్తబుట్ట బొమ్మ ఉన్నాయి. చెత్తబుట్ట నొక్కనా?"

ఇక్కడినుంచి, తర్వాత నలుగురూ చెప్పింది కలిపి రాస్తున్నాను. సరిగ్గా అప్పుడే అయ్యగారు, ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పమని అడిగి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ఆగారు. చర్చి అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ముందు వరసనుంచి నా గొంతు ఖంగుమంది.

"వద్దండీ, ఆపండి. అది జరిగితే నేనుండను."

అయ్యగారు కళ్లు తెరిచారు. పెళ్లికొడుకు మేనమామ లేచి వచ్చి ఫోను లాక్కున్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"దానియేలునండీ. విజయవాడండీ."

"మా పెళ్లికూతురు నీకెట్టా తెలుసు?"

"తెలీదండీ. నాకు మా అక్క పాట కావాలండీ."

ఈ జవాబు ఆయన్ని శాంతపరచలేదు. "వాడు మా సంఘస్తుడేనండీ, వెబ్‌సైటు గొడవ" అని అయ్యగారు నచ్చజెప్పబోతే, పెళ్లికూతురి పిన్ని అందుకుంది. "మీ వెబ్‌సైటుకి మా పిల్ల పెళ్లి ఏం అడ్డమొచ్చిందండీ?"

అప్పుడు ముసుగు వెనకనుంచి పెళ్లికూతురు నవ్వింది. పూలగుత్తి తోడిపెళ్లికూతురి చేతికిచ్చి, ఫోను అందుకుని తెర చూసింది.

"అన్నయ్యా, మా ఆఫీసులోనూ రోజూ ఇదే గోల. మిమ్మల్ని ఏం చేయాలి? ఎడిటరా, అడ్మినా?"

"ఏదైనా ఫర్లేదమ్మా."

"ఏదైనా అంటే కుదరదన్నయ్యా. ఇక్కడ పెళ్లి ఆగిపోయింది. చెప్పండి."

కొంచెం సిగ్గుపడ్డాను. తర్వాత, "అడ్మిన్" అన్నాను. నా జన్మలో ఒక పదవిని అడిగి తీసుకోవడం అదే మొదలు. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. అవతల తాళి కట్టారు, ఉంగరాలు మార్చుకున్నారు. వాళ్లిద్దరూ ఇప్పటికీ బాగానే ఉన్నారని అయ్యగారు నా ధైర్యం కోసం చెబుతుంటారు.

ఆరింటికి కూడిక మొదలైంది. బావ ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. ముందుగా విని చూసుకునే వ్యవధి నాకు లేదు. స్పీకర్లకు కలిపి ఫైలు తెరిచాను. పాట రాలేదు. అక్క మాట వచ్చింది, స్పష్టంగా, చర్చి నాలుగు గోడలకూ తగిలేలా.

"దానియేలూ, నువ్వు పాడకు. పెదాలు కదుపు చాలు. మిగతావాళ్లు ఎత్తుకోండి."

 ముందుగా బావ నవ్వాడు. ఆ ఏడాదిలో అతను నవ్వగా నేను చూడలేదు. అతని వెంట చర్చి మొత్తం నవ్వింది. ఆ నవ్వుల్లోంచే పాట మొదలైంది. పాత క్వయర్ వాళ్లు ఎక్కడివాళ్లక్కడ లేచి గొంతు కలిపారు. అక్క గొంతు అందరికంటే పైన వినిపించింది. నేను నిలబడి పెదాలు కదిపాను.

కనుక చదువరుల ఎదుట, కూచిపూడి పెళ్లివారి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకొకరి అకౌంటులో దూరి వినయం ప్రదర్శించను. పెళ్లి జరుగుతుండగా ఎవరికీ సలహా చెప్పను. మా సంఘంలో ఇప్పుడు మర్యాద కోసం ఎవరినీ అడ్మిన్ చేయడం లేదు.