ఐదు నిమిషాల పెట్టె

ముత్యానికి నలభై ఒక్క ఏళ్ళు. ఇద్దరు పిల్లల తండ్రి. జగిత్యాల జిల్లాలోని తన ఊళ్ళో నలుగురు కూర్చున్న చోటికి వెళ్తే పక్కకు జరిగి చోటిస్తారు. అలాంటి మనిషి నెత్తి మీద దోహాలో రోజుకు రెండు మూడు మొట్టికాయలు పడేవి. కొట్టేవాడు సూపర్‌వైజర్ సురేందర్. ముత్యం కంటే తొమ్మిదేళ్ళు చిన్న, పక్క ఊరివాడు. వరసకు "మామా" అని పిలవాలి. సెలవు మీద ఊరికి పోయినప్పుడు పిలిచేవాడు కూడా. డ్యూటీలో మాత్రం నోటికంటే ముందు చెయ్యి పలికేది. మాప్ ఆలస్యమైతే ఒకటి, చెత్త సంచి నిండితే ఒకటి, ఏ కారణమూ దొరకకపోతే ఊరికే ఒకటి. వేళ్ళు ముడిచి, కణుపులు తగిలేలా.

రక్తం రాదు, వాపు రాదు, క్లినిక్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే ముత్యం రెండేళ్ళు ఊరుకున్నాడు. భార్య రాణికి కూడా చెప్పలేదు. "చెప్తె ఏమంటది? బడి పోరన్ని కొట్టినట్టు కొడ్తున్నరా అంటది. నగుతదో, ఏడుస్తదో తెల్వది. నాకు రెండూ వద్దు" అన్నాడు, ఇదంతా విని రాస్తున్న నాతో.

ఖతార్ వరల్డ్ కప్‌కు ముస్తాబవుతున్న రోజులవి. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ముత్యం గదిలో ఆరుగురుంటే నలుగురు స్టేడియాల పనికో, వాటికి పోయే రోడ్ల పనికో పోయేవాళ్ళు. ముత్యాన్నీ, ఇరవై ఆరేళ్ళ జలంధర్‌నీ మాత్రం క్లీనింగ్ కంపెనీ ఒక మంచు మైదానానికి పంపింది. ఎడారి దేశంలో మంచు మైదానం! ఎండాకాలం బస్సు దిగేసరికి చొక్కా తడిసి ముద్దయ్యేది, లోపలికి పోయిన పది నిమిషాలకు అదే చొక్కా వీపుకు అట్టకట్టేది. 2021 చలికాలంలో అక్కడికి ఐస్ హాకీ జట్లు వచ్చాయి. కెనడాలో, అమెరికాలో జీతానికి ఆడే ఆటగాళ్ళు. నాలుగు వారాలు, ప్రతి శుక్రవారం ఒక మ్యాచ్.

ఆటలో తప్పు చేసినవాణ్ణి కూర్చోబెట్టడానికి మైదానం అంచున అద్దాల పెట్టె ఒకటి ఉంటుంది. ఒక్కో జట్టుకు ఒక్కో పెట్టె. ఆ రెండింటికీ తలుపు తీయడం, వేయడం, లోపల కూర్చున్నవాడికి తువ్వాలు, నీళ్ళు అందించడం ముత్యం డ్యూటీ. మంచు మీద రక్తం పడితే గీకెయ్యడం జలంధర్ డ్యూటీ.

మొదటి మ్యాచ్ అయిన రోజు గదిలో వంట దగ్గర ఆ ఇద్దరూ కలిసి చెప్పిన ముచ్చటకు మిగతావాళ్ళు పొట్టలు పట్టుకున్నారట.

"అందరి చేతులల్ల కట్టెలుంటయి. కాళ్ళకు కత్తులు. కొట్లాటైతే ఏం జేస్తరు చెప్పుండ్రి?" అని అడిగాడు ముత్యం.

"కట్టెతోనే ఏస్తారు, ఇంగేం జేస్తారు?" అన్నాడు కడప నుంచి వచ్చిన ఓబులయ్య, గదిలో అందరికంటే పెద్దవాడు.

"కాదే! కట్టె కింద పడేస్తరు. చేతుల తొడుగులు గుడ ఇప్పి పడేస్తరు. మనూళ్ళె వట్టి చేతులోడు ఉరికి కట్టె ఎత్కుతడు. వీళ్ళు చేతులున్న కట్టె ఇడిసిపెట్టి గుద్దుకుంటరు."

"విడిపించేవోళ్ళు లేరా?"

"ఉంటరు. చారల అంగీలోళ్ళు. పక్కకే నిలవడి సూస్తుంటరు," అంటూ జలంధర్ గరిటె పట్టుకొని చేతులు కట్టుకొని నిలబడి చూపించాడు. "ఇద్దరూ అలిసిపోయినంక, యల్లా, సాలు అంటరు. కింద వడ్డోన్ని మల్ల కొట్టద్దు. అది వాళ్ళ కాయిదా."

"ఆమీట జైలా?" అన్నాడు ఓబులయ్య.

"జైలే," అన్నాడు ముత్యం. "ఐదు నిమిషాలు."

గది గొల్లుమంది. ఓబులయ్య మాత్రం వదల్లేదు. "ఎవడు ముందు కొట్టినాడో కనుక్కోరా?"

"ఎవడు కొట్టినా ఇద్దరికీ ఐదే."

"ఆ జైలుకు జైలర్ మా ముత్యమన్ననే," అన్నాడు జలంధర్. "ఖైదీలకు తువ్వాల, ఏసీ, చల్లటి నీళ్ళు. నేను గుడ ఎవన్నన్న గుద్ది జెరసేపు కూసుంటనే అన్నా, కాళ్ళు గుంజుతున్నయి."

రెండో శుక్రవారం ఎదుటివాడి ముక్కు పగలగొట్టిన ఒక ఆటగాడు పెట్టెలోకి వచ్చి, నోట్లోంచి ఊడిన పన్నొకటి తీసి ముత్యం అరచేతిలో పెట్టాడు. ముత్యం చొక్కా మీద రక్తం చుక్క పడింది. "సారీ బ్రదర్" అన్నాడు ఆ మనిషి, పెదవి చీలి మాట రాకున్నా. ఐదు నిమిషాలు కాగానే పన్ను సంగతి మరిచి మంచు మీదికి దూకాడు. కంపెనీ రూల్ ఒకటుంది: దొరికిన వస్తువు ఏదైనా సరే, పోయిన సామాన్ల కౌంటర్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ముత్యం రూల్ తప్పని మనిషి. పన్నును టిష్యూలో చుట్టి తీసుకెళ్ళి కౌంటర్‌లో ఇచ్చాడు. విప్పి చూసిన పిల్ల కెవ్వుమని కుర్చీ ఎక్కింది. దానికి సురేందర్ ఇచ్చినవి రెండు మొట్టికాయలు.

ఆ రోజు సంగతి చెప్పేటప్పుడు ముత్యం కౌంటర్ పిల్ల కేకను కూడా అనుకరించి నవ్వాడు. ఆ తర్వాత, "ముక్కు పలగ్గొట్టినోడు అంగీ మీద సుక్క వడ్డదని సారీ చెప్పిండు సార్" అన్నాడు. ఆ మాట మా సంభాషణలో ఇంకా మూడుసార్లు వచ్చింది.

జలంధర్ అప్పటికి ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. స్టేడియాలకు సామాను చేర్చే ఇంకో కంపెనీ అతన్ని తీసుకుంటామని కాగితం ఇచ్చింది. పాత కంపెనీలో నోటీసు నెల గొడవ లేకుండా గడిస్తే చాలు, చీపురు వదిలి బండి ఎక్కుతాడు. ఇంకా పన్నెండు రోజులున్నాయి.

డిసెంబర్ రెండో శుక్రవారం మధ్యాహ్నం పసుపు జట్టుకూ నీలం జట్టుకూ మ్యాచ్. మూడు వందల మంది దాకా జనం. ఇద్దరు ఆటగాళ్ళు కట్టెలు పడేసి కలియబడ్డారు. జనం లేచి నిలబడి కేకలు, చేతుల్లో ఫోన్లు. సరిగ్గా అప్పుడు ముత్యానికి నాలుగు అడుగుల దూరంలో, అద్దం వెనక, ఇంకో సంగతి జరిగింది. జలంధర్ మంచు గీకే పార తేవడం ఆలస్యమైందని సురేందర్ ఒక మొట్టికాయ వేశాడు. జలంధర్ తల పక్కకు తిప్పేసరికి అది కణత మీద పడింది. రెండోసారి చెంప మీద కొట్టాడు, చెయ్యి చాచి. మూడోసారి చెయ్యి లేచినప్పుడు జలంధర్ ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"కొట్టకు సురేందరన్నా. అందరు సూస్తున్నరు."

అంతే అన్నాడు. ఎవరూ చూడటం లేదు, అది వేరే సంగతి. సురేందర్ విసురుగా చెయ్యి గుంజుకున్నాడు, తడి రబ్బరు చాప మీద జారాడు, మోచేయి మీద పడ్డాడు. లేస్తూనే సెక్యూరిటీని కేకేశాడు: "ఫైట్! ఫైట్!"

మంచు మీద కొట్టుకున్నవాళ్ళను పెట్టెల్లోకి తెచ్చారు. ముత్యం తలుపులు తీశాడు, వేశాడు, తువ్వాళ్ళు అందించాడు. గోడ మీది గడియారంలో ఐదు నిమిషాలు తరుగుతున్నాయి. ఆ ఐదు నిమిషాల్లోనే జలంధర్ మెడలోని గేట్‌పాస్ తీసేసుకున్నారు, కంపెనీ బండి ఎక్కించారు, ఆఫీసుకు ఫోన్ చేసి పేరు రాయించారు. గడియారం సున్నాకు రాగానే ముత్యం తలుపులు తీస్తే కొట్టుకున్న ఇద్దరూ చప్పట్ల మధ్య ఆటలోకి పోయారు.

మర్నాడు పొద్దున కంపెనీ ఆఫీసులో విచారణ. అంతకు ముందు బస్సు దగ్గర సురేందర్ ముత్యం భుజం మీద చెయ్యి వేశాడు. చాలా రోజుల తర్వాత నోట్లోంచి వరస పలికింది.

"మామా, నీ వీసా ఇంకా రెండేండ్లుంది గద. వాడు ముందు కొట్టిండని ఒక్క సంతకం వెట్టు. వానికేంది, పోరడు, ఇంకో దేశం వోతడు. నీ బిడ్డ కాలేజీల ఉండె."

ఆఫీసులో మేనేజర్ బల్ల మీద ఇంగ్లీషులో, అరబీలో రాసిన కాగితం ఉంది. జలంధర్ పక్కన నిలబడి ఉన్నాడు. సురేందర్‌కు కుర్చీ వేశారు, మోచేతికి కట్టుందని. ముత్యం తనకొచ్చిన హిందీలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. రెండేళ్ళుగా తన నెత్తి మీద పడినవి కూడా చెప్పాడు, గడగడా, ఆగకుండా. ఆఖరున తను ప్రతి శుక్రవారం కళ్ళారా చూస్తున్న న్యాయం అడిగాడు:

"సాబ్, ఉదర్ దో ఆద్మీ ఫైట్ కర్తా, దోనో బైఠ్తా. ఇదర్ ఏక్ ఆద్మీ కైకో?"

అక్కడ ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరినీ కూర్చోబెడతారు, ఇక్కడ ఒక్కణ్ణే ఎందుకు అని. ఎక్కడైనా అదే కాయిదా అనుకున్నాడు. అంత పెద్ద పెద్ద మనుషులు నోరెత్తకుండా పోయి పెట్టెలో కూర్చుంటున్నారు మరి! మేనేజర్ పడీపడీ నవ్వాడు. పక్క గదివాళ్ళను పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకొని, అది ఆట, ఇది ఉద్యోగం అన్నాడు. నువ్వూ వాడూ ఒకే గది, ఒకే జిల్లా, నీ మాట చెల్లదన్నాడు. బయటివాళ్ళు చూసినట్టు రుజువు తెస్తే ఆలోచిస్తాననీ, సోమవారం దాకా టైమనీ చెప్పాడు.

అప్పుడు ముత్యానికి అరుంధతి మేడం గుర్తొచ్చింది. కూతురి స్కేటింగ్ క్లాసు కోసం వారం వారం వచ్చే తెలుగావిడ. భర్త సత్యనారాయణమూర్తి ఇంజనీరు. ఒకసారి పోగొట్టుకున్న గొలుసు వెతికి ఇచ్చినందుకు ఇంటి అడ్రసు చెప్పి, ఎప్పుడైనా భోజనానికి రమ్మంది. కొట్లాటప్పుడు ఆవిడ ఫోన్ ఎత్తి వీడియో తీస్తూ ఉంది. సరిగ్గా పెట్టె వైపు.

శనివారం సాయంత్రం రెండు బస్సులు మారి ఐన్ ఖాలిద్‌లో వాళ్ళ విల్లా చేరాడు. టీ ఇచ్చారు. అరుంధతి వీడియో పెట్టింది. నడుమ ఆటగాళ్ళు గుద్దుకుంటున్నారు. ఎడమ మూల, అద్దం వెనక, సురేందర్ చెయ్యి రెండుసార్లు లేచి పడటం, తర్వాత జలంధర్ ఆ చెయ్యి పట్టుకోవడం. చిన్నగా ఉన్నా స్పష్టంగా ఉంది.

"అయ్యో, నేను గమనించనే లేదు," అందావిడ. "మా అక్కాచెల్లెళ్ళ గ్రూపులో పెడితే తెగ నవ్వుకున్నారు. అక్కణ్ణుంచి పదకొండు గ్రూపులకు పోయింది."

"నాకొక్కసారి పంపుండ్రమ్మా. రేపే ఆఫీసుల ఇస్త."

సత్యనారాయణమూర్తి ఫోన్ తన చేతిలోకి తీసుకున్నారు. "చూడు ముత్యం, నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఇక్కడ పర్మిషన్ లేకుండా మనుషుల్ని వీడియో తీస్తే కేసవుతుంది. మా కంపెనీ కూడా వరల్డ్ కప్ పనుల్లోనే ఉంది. రేపు ఎవరైనా అడిగితే నేనేం చెప్పను?"

"ఆటోళ్ళను గుడ పర్మిషన్ లేకుంటనే తీసిండ్రు గద సార్?"

"అది వేరయ్యా."

"సరే సార్, వీడియో వద్దు. మీరు సూసిండ్రు. సూసినం అని రెండు ముక్కలు రాసియ్యుండ్రి. సాలు."

మూర్తి గారు భార్య వైపు చూశారు. ఆవిడ టీ కప్పులు తీస్తోంది. "మా పేరు బయటికి రాకూడదు ముత్యం. ఏమనుకోకు," అన్నారాయన. గేటు దాకా వచ్చి సాగనంపారు కూడా. చెడ్డవాళ్ళు కారు. ఆయన భయం ఉత్తదీ కాదు, ఆ చట్టం ఉంది. కానీ పదకొండు గ్రూపులకు నవ్వుకోవడానికి పోయిన వీడియో, ఒక మనిషిని నిలబెట్టే ఆఫీసుకు మాత్రం పోలేకపోయింది.

మంగళవారం జలంధర్‌ను విమానం ఎక్కించారు. పై అధికారి మీద చెయ్యి చేసుకున్నాడని కాగితం, మళ్ళీ ఖతార్‌కు రాకుండా బ్యాన్. ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, ఊర్ల ఏమని చెప్పాలె?"

"ఉన్నది చెప్పురా."

"ఉన్నది చెప్తె నమ్ముతరా? దుబాయ్‌ల కొట్లాడచ్చిండంటరు."

ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. అలాగే అన్నారు. కుదిరిన పెళ్ళి సంబంధం వాళ్ళు, వాడికి కోపమెక్కువట అని వెనక్కి పోయారు. జన్మలో ఎవరినీ కొట్టనివాడు ఊళ్ళో ఇప్పుడు కొట్లాట మనిషి.

ముత్యాన్ని మంచులోంచి తీసి రోడ్డు పనికి వేశారు. ఎండలో అంచు రాళ్ళు పేరుస్తున్నాడు. సురేందర్ మాత్రం మంచు మైదానంలోనే, అదే పనిలో ఉన్నాడు. చెప్పినందుకు బాధగా ఉందా అని అడిగాను. "నాకెందుకు బాధ? నేను చెప్పిన. మూడు వందల మంది చెప్పకపాయె," అన్నాడు.

ఇది రాస్తున్నది 2022 మార్చిలో. ముత్యం, ఓబులయ్య కలిసి జలంధర్ తరఫున ఎంబసీలో కార్మికుల కౌంటర్‌కు అర్జీ ఇచ్చారు. ఆ అర్జీ ఇంకా తేలలేదు. అక్కడివాళ్ళూ అడుగుతున్నది ఒకటే: చూసినవాళ్ళెవరు?

దోహాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళారా, ఇది మీకే రాస్తున్నాను. ఆ మ్యాచ్‌కు మీరు వెళ్ళారా? ఆ కొట్లాట వీడియో మీ ఫోన్లో ఉందా? ఇప్పుడు తీసి చూడండి. నడుమ కాదు, ఎడమ మూల చూడండి. దాన్ని ఇంకే గ్రూపులోనూ పెట్టకండి. నేరుగా ఎంబసీ కౌంటర్‌కు తీసుకెళ్ళి చూపించండి. వీడియో ఇవ్వడానికి భయమైతే ఒక తెల్లకాగితం తీసుకోండి. తేదీ వేయండి, చూసింది రెండు వాక్యాల్లో తెలుగులోనే రాయండి, కింద మీ పూర్తి పేరు పెట్టండి. వచ్చే శుక్రవారం లోపల ఇవ్వండి.