అ నుంచి హ దాకా చాపలే

తెనాలిలో ఒక ప్రెస్సుకున్న తెలుగు అక్షరాలన్నిటినీ ఒక్క పూటలో మాయం చేసిన ఘనత నాది. అదీ ఆషామాషీగా కాదు, చేయాల్సిన పనులు నోటుబుక్కులో వరసగా రాసుకుని మరీ చేశాను.

తొంభైల నాటి మాట. అప్పుడే డిప్లొమా అయింది. ప్రెస్సు యజమాని రత్నంగారి కంప్యూటర్‌లో అక్షరాల రూపాలన్నీ ఒక ఫ్లాష్ చిప్పులో ఉండేవి. వాటిని చదివి తెరమీదికి తెచ్చే డ్రైవర్ ప్రోగ్రాం నేను రాశాను. కంప్యూటర్ వెయ్యగానే అది "నీది ఏ కంపెనీ? నీ నంబరెంత?" అని చిప్పును అడుగుతుంది. రైల్లో ఎదుటి సీటాయన ఊరూ పేరూ అడిగినట్టే.

చిప్పు బుద్ధిగా రెండు అంకెలు చెప్పింది. నేను మురిసిపోయేలోగా తెరమీద అక్షరాలన్నీ చుక్కలతో అల్లిన ఒకేలాంటి చాపముక్కలైపోయాయి.

"ఇదేంటయ్యా, చాపలు అచ్చేస్తున్నావా?" అన్నారు రత్నంగారు.

ఆపి మళ్ళీ వేశాను. చాపలే.

"రేపల్లె చర్చి పాటల పుస్తకం ఎల్లుండికి ఇవ్వాలి. అదిగో, వాళ్ళ పెద్దాయన బెంచీ మీదే ఉన్నారు."

"పర్లేదు బాబూ, పాటలు మాకు నోటికొచ్చు. పుస్తకమే లేదు," అన్నాడు పెద్దాయన.

"అక్షరాలకి ఇంకో కాపీ ఉందాండి?" అన్నాను.

"తియ్యాల్సింది నువ్వు కదయ్యా!"

నిజమే. నా వరసలో అది చివరి పని.

చిప్పు పీకి పెన్సిల్ డబ్బాలో పెట్టుకుని, బాపట్లలో ఉన్న మా లెక్చరర్ దగ్గరికి రైలెక్కాను.

"ఏ ఊరు బాబూ?" అన్నాడు ఎదుటాయన.

"తెనాలండి."

"ఏం చేస్తుంటావు?"

"తెనాలండి."

"పెళ్ళయిందా?"

"తెనాలండి."

ఆయన సీటు మారాడు.

సార్ తన దగ్గరున్న, చిప్పులు చదివే రీడర్లో దాన్ని పెట్టి చూశారు. "ఏం పోయిందిరా? అన్నీ నిక్షేపంగా ఉన్నాయి!"

"మరి ఆ చాపలేంటి సార్?"

"పేరడిగావు, చెప్పింది. తర్వాత 'సరే, ఇక నీ పని చూసుకో' అన్నావా?"

"అనాలా సార్?"

"అనేదాకా ఏమడిగినా పేరే చెబుతుంది. ఆ రెండంకెలే మళ్ళీ మళ్ళీ అల్లుకుని నీకు చాపలయ్యాయి. నువ్వు ఆపి వేసినప్పుడల్లా నీ ప్రోగ్రాం మళ్ళీ పేరడుగుతోంది."

రైల్లో సీటు మారినాయన గుర్తొచ్చాడు.

ముందు అక్షరాలన్నీ ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. సాయంత్రానికి తెనాలి చేరి ఆ ఒక్క ఆజ్ఞా కలిపాను. తెరమీద 'అ' గుండ్రంగా మెరిసింది. పెద్దాయన బెంచీ దిగి నా చేతులు పట్టుకున్నాడు.

"బతికించావు బాబూ! నీ పేరేంటి?"

"చెబుతానండి. కానీ విన్నాక నన్ను ఇంటికి పంపెయ్యాలి."

కనుక ఆ ఫ్లాపీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: చిప్పునైనా సరే, మనిషినైనా సరే, పేరడిగి అక్కడే నిలబెట్టను.