మూసి ఉంచమన్న కిటికీలు

ఆరేళ్లుగా ఒక అబద్ధం నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

సూర్యాపేటలో కొత్తగా కట్టిన ఆడపిల్లల హాస్టలుకు నేను వాచ్‌మన్‌ని. మాది చివ్వెంల దిక్కు. గొర్లు అమ్మేసి ఆ పనిలో చేరాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆ హాస్టల్లోనే నా మనవరాలికి సీటు వచ్చింది. హాస్టలు తెరవడం ఇంకా ఆలస్యమైతే చదువు మాన్పిస్తానని మా అల్లుడు అంటున్నాడు.

పిల్లల్ని దించే ముందు లోపలి గాలిని పరీక్ష చేయాలన్నారు. కొత్త రంగులు, బీరువాల చెక్కకు పూసిన జిగురు. లోపల అడుగుపెడితే కళ్లు మండేవి. మిర్యాలగూడ నుంచి ఒక అమ్మాయి చిన్న మిషన్ పట్టుకుని వచ్చింది. కిటికీలన్నీ మూసి, తలుపుకు ఒక కాగితం అంటించింది.

“తాతా, రేపు నేనొచ్చేదాక ఒక్క కిటికీ గూడ తెరవకు. పొద్దుగూకితే పిల్లలు దోమలకు అన్నీ మూసుకుంటరు గద. అప్పుడు లోపల గాలి ఎట్లుంటదో సూడాలె.”

“నన్ను లోపల పెట్టి ఉడకబెడతవా ఏంది బిడ్డా?”

“నువ్వు వరండల కూసో. ఇంతకూ నేనేం జెప్పిన?”

“తెరవొద్దన్నవ్.”

“ఆ, గదీ.”

ఆమె బస్సు కదిలిందో లేదో, మనవరాలు గుర్తొచ్చింది. ఈ వాసనకు ఆ మిషన్ ఒప్పుకోదనిపించింది. కిటికీలన్నీ బార్లా తెరిచాను. మర్నాడు ఆమె వచ్చే వేళకు మళ్లీ మూసేశాను. మిషన్ పెట్టి అంకెలు చూసి, బాగానే ఉందే అంది. కిటికీలు మూసే ఉన్నాయని రాసిన కాగితం మీద నాచేత వేలిముద్ర వేయించుకుంది.

పిల్లలు దిగారు. వారం తిరక్కుండానే కళ్లు ఎర్రబడ్డాయి, తలనొప్పులు మొదలయ్యాయి. ఒక పిల్లకు ఊపిరి ఆడక దవాఖానకు తీసుకుపోయారు. బతికింది. నా మనవరాలి పక్క మంచం ఆ పిల్లదే. హాస్టలు ఖాళీ చేయించి, పైఆఫీసు పెద్దసారు నన్నూ మిషన్ తెచ్చిన అమ్మాయినీ పిలిచాడు. కిటికీలు తెరిచింది నేనే, నాకు చదువు రాదు సార్, తలుపు మీది కాగితంలో ఏముందో నాకేం తెలుసు అన్నాను. నోటితో కూడా చెప్పాను సార్ అందా అమ్మాయి. నేను నా కాళ్ల వంక చూసుకున్నాను. చదువు రాని ముసలాయనకు కాగితం అంటించి పోతావా అని అందరూ ఆమెనే తిట్టారు. ఆమె పని పోయింది. నా పని ఉంది.

గాలి రానివ్వడం తప్పా? గొర్లదొడ్డికైనా గాలి ఆడాలంటాం కదా. వాసన పోతే పిల్లలకు మంచిదేనని నిజంగా అనుకున్నానా, లేక మనవరాలి సీటు తప్ప మరొకటి నా తలలో లేదా? ఎంత ఆలోచించినా తెగడం లేదు. మంచికే తెరిచి ఉంటే, ఆమె వచ్చే ముందు మళ్లీ ఎందుకు మూశాను?

తర్వాత మనవరాలు నాకు అక్షరాలు నేర్పింది. ఆ కాగితం సగం చిరిగి తలుపు మీద ఇంకా అలాగే ఉంది. కూడబలుక్కుని చదివాను. కిటికీలు తెరవరాదు. నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు.

మొన్నటి ఎండాకాలం, ఆమె కోదాడలో జిరాక్సు షాపులో ఉందని తెలిసి బస్సెక్కి పోయాను. చూడగానే గుర్తుపట్టింది.

“ఏం తాతా, గింత దూరమొచ్చినవ్? ఏం జిరాక్స్ దియ్యాలె?”

జేబులో ఆధార్ కార్డు ఉంటే తీసి ఇచ్చాను. రెండు కాపీలు తీసి, మడత పడకుండా కవరులో పెట్టి ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను. వాటితో నాకు ఏ పనీ లేదు. పారేయలేకపోయాను.

ఆమె మళ్లీ ఎదురుపడితే చెబుతానో లేదో తెలియదు. చెబితే ఆమె ఏమంటుందో అంతకన్నా తెలియదు. ఆ అమ్మాయి నాకు నోటితో చెప్పింది. నేను విన్నాను. ఈ రెండు మాటలు రాయడానికి పొద్దంతా పట్టింది. ముల్లు పోలేదు. ఇవాళ అన్నం మాత్రం కొంచెం దిగింది.