తెర మీద సున్నా

మా షూటింగ్ రేంజిలో అట్ట టార్గెట్లు తీసేసి ఎలక్ట్రానిక్ టార్గెట్లు పెట్టిన ఏడాది జరిగిందిది. కాల్చాక పెల్లెట్, అదే చిన్న సీసపు గుండు, ఎక్కడ తగిలిందో మన పక్కనున్న చిన్న తెర మీద చుక్కగా కనబడుతుంది, దాని కిందే మార్కు. ఇక దానికి తిరుగు లేదనేవాళ్ళు.

అప్పటికి నేను తిరుచానూరులో ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేస్తున్నాను. ముప్పై దాటాక ఎయిర్ రైఫిల్ పట్టానని నవ్వినవాళ్ళు చాలామంది. నాయన మాత్రం నవ్వలేదు. చంద్రగిరి దగ్గర మా చేలో పని వదిలేసి, జట్టు సెలెక్షన్ పోటీ రోజు నన్ను బండి మీద ఎక్కించుకుని తిరుపతి తీసుకొచ్చాడు.

ఆ రోజు చెయ్యి బాగా కుదిరింది. వరసగా పదులే, నిండు మార్కులే. ఆటలో సగం దాటాక ఒక షాటు కాల్చాను. గురి కదల్లేదు, ట్రిగ్గర్ మెత్తగా జారింది. తెర వైపు చూస్తే సున్నా.

వెంటనే చెయ్యెత్తాను. రేంజి ఆఫీసర్ వచ్చాడు. చిత్తూరు వైపు పెద్దాయన. తెర చూసి పెదవి విరిచాడు.

"సూడమ్మా, మిషన్ అబద్ధం సెప్పదు. నువ్వు కంప్లైంట్ ఇచ్చి, టార్గెట్ సరిగ్గానే ఉండాదని తేలితే ఇంకో రెండు పాయింట్లు కోస్తారు. ఆలోచించుకో."

"కొయ్యండి సార్. నా పెల్లెట్ గురి పెట్టిన కాడనే తగిలింది. టార్గెట్ తెరిచి సూడండి."

"అందరూ కాల్చినాకే తెరిచేది."

"అంతదాకా ఆగుతా. కంప్లైంట్ మాత్రం రాసుకోండి."

పక్క లేన్లలో వాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన విసుగ్గా రాసుకుని, నన్ను ఖాళీగా ఉన్న లేన్‌కి మార్చి, నా మాట నిజమని తేలితే లెక్కలో కలపడానికి ఒక అదనపు షాటు కాల్చమన్నాడు. కోపం వచ్చింది. రైఫిల్ కింద పెట్టి, కళ్ళు మూసుకుని, ఊపిరి కుదుటపడ్డాకే ఎత్తాను. పది పడింది. మిగతా షాట్లూ అక్కడే కాల్చాను.

పోటీ ముగిశాక నాయన దగ్గరికొచ్చాడు.

"మిషన్‌తో కొట్లాట ఏంది పాపా? ఉండే పాయింట్లు కూడా పోతే?"

"పోతే పోనీ నాయనా. తప్పకుండా తగిలినదాన్ని తప్పిందని నేనెట్ల ఒప్పుకునేది?"

టార్గెట్ తెరిచారు. లోపల నల్ల కాగితపు చుట్ట ఉంటుంది. షాటుకోసారి అది కొంచెం ముందుకు జరగాలి. ఎక్కడో ఇరుక్కుని జరగడం మానేసింది. అంతకు ముందు షాట్లన్నీ ఒకే చోట పడి కాగితానికి పెద్ద చిల్లు చేశాయి. సున్నా పడిన పెల్లెట్ కాగితాన్ని తాకకుండా ఆ చిల్లులోంచి దూరిపోయింది. కాగితం చిరిగే చప్పుడును బట్టే మిషన్ మార్కు వేసేది; అది వినబడక సున్నా వేసింది.

పెద్దాయన ఆ చిల్లు వంక కాసేపు చూశాడు. "బాగా కాల్చినందుకే సున్నా పడిందమ్మా నీకు" అన్నాడు. సున్నా కొట్టేసి అదనపు షాటు పది లెక్కలో కలిపారు.

జట్టులో చివరి చోటు నాకు దక్కింది. బయట బూట్లు వేసుకుంటుంటే వెనక ఎవరో అన్నారు, "గొడవ చేసి సెలెక్ట్ అయింది" అని.

వెనక్కి తిరిగాను. "అవును, గొడవ చేసినా. మళ్ళీ సున్నా వేస్తే మళ్ళీ చేస్తా" అన్నాను.

నాయన నా చేతిలోని రైఫిల్ పెట్టె తీసుకుని భుజాన వేసుకున్నాడు. గేటు దాకా అందరి మధ్యనుంచీ, తల ఎత్తుకుని, నాకంటే ముందు నడిచాడు.