మాదాపూర్ టవర్ మీంచి మా మిద్దెను వెతికిన ఆదివారం

నేను మాదాపూర్ పోయింది మాదాపూర్ చూడడానికి కాదు. అక్కడి నుంచి చందానగర్‌లో ఉన్న మా ఇల్లు కనపడుతుందా లేదా అని చూడడానికి. నవ్వొస్తుంది కదా? బస్సులో వాళ్ళకీ వచ్చింది.

సంగతేమిటంటే, చందానగర్ మెయిన్ రోడ్డు వెనక గల్లీలో మా అన్నకి ఎస్టీడీ బూత్ ఉంది. మిద్దె కింద మల్గిలో బూత్, వెనక రెండు గదుల్లో మేం, అన్నీ కిరాయివే. ఇంటింటికీ ఫోన్లొచ్చాక బూత్ బేరం పడిపోయింది. రెండు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ నడుపుదామని నా ఆశ. ఇంటర్ తప్పాక కొన్నాళ్ళు కంప్యూటర్ నేర్చుకున్నాను లెండి. కానీ మాకున్నది ఒక్కటే లైను. ఇంటర్నెట్ పెడితే ఫోన్ బంద్, ఫోన్ మాట్లాడితే ఇంటర్నెట్ బంద్. రెండో లైనుకి దరఖాస్తు పెట్టి పెట్టి అన్న అలిసిపోయాడు.

అప్పుడు తెలిసింది, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ ఫోన్ తీగె లేకుండా గాలిలోంచే ఇంటర్నెట్ ఇస్తుందని. షరతు ఒకటే. వాళ్ళ టవర్‌కీ మన మిద్దెకీ మధ్య ఏదీ అడ్డం ఉండొద్దు. ఏ మిద్దె కనపడుతుందో తిరిగి చూడడానికి వాళ్ళ దగ్గర మనుషులు లేరు. అందుకని ఒక్కో పేటకి మ్యాపు జిరాక్స్ తీసిచ్చి, మీరే చూసి గుర్తులు పెట్టుకు రండి అన్నారు. జీతం గీతం లేదు, ఇష్టమున్నవాళ్ళు చేయొచ్చు. కనపడితే సున్నా, కనపడకపోతే ఇంటూ. మా పేట మ్యాపు నేను పట్టుకున్నాను.

శనివారం రాత్రి అన్న ఒక్కటే మాట అన్నాడు. "రేపటి దాక చూస్త రజితా. కనపడ్తె మల్గి ఉంచుత. లేకుంటె సోమవారం ఓనర్‌కి తాళం చేతిల పెట్టి డ్రైవింగ్‌కి పోత." మా అన్నకి నడుం నొప్పి. లారీ మానేసి బూత్ పెట్టిందే అందుకు. అందుకే ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున ఏడున్నరకి బస్టాపులో నిలబడ్డాను. కార్తీకం, పొగమంచు కమ్ముకుని ఉంది. ఎదురుగా ఉన్న మిఠాయి దుకాణం బోర్డే సరిగ్గా కనపడటం లేదు, ఇక మాదాపూర్ ఏం కనపడుతుంది? పది గంటలకి వదినె మిద్దె ఎక్కి, గోడకున్న అద్దం తీసి ఎండకి పట్టాలి. మూడుసార్లు మెరిపించి, ఆపి, మళ్ళీ మూడుసార్లు. ఆ మెరుపు నేను టవర్ దగ్గర నిలబడి చూడాలి. అద్దం ఎటు పట్టాలో కూడా కంపెనీ వాళ్ళే నేర్పారు. రెండు వేళ్ళు చాపి, వాటి సందులో టవర్ ఉన్న మాదాపూర్ గుట్టని పెట్టుకుని, వేళ్ళ మీద వెలుగు పడేలా అద్దం తిప్పాలి. అంతా బాగానే ఉంది, ఎండ ఏది?

మాదాపూర్‌కి సూటిగా బస్సు లేదు. లింగంపల్లిలో దిగి, గచ్చిబౌలి మీదుగా పోయే బస్సు ఎక్కాలి. నా పక్కన ఒకామె చేతిలో టిఫిన్ డబ్బాతో కూర్చుంది. కట్టే బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసే పని అట. ఎటు పోతున్నావని అడిగింది, చెప్పాను.

"మీ ఇల్లు చూడనీకి మాదాపూర్ దాక పోతున్నవా? ఇంటి ముంగట నిలబడి చూస్తె కనపడ్తలేదా బిడ్డా?"

బస్సు సగం నవ్వింది. కండక్టర్ టికెట్ చింపుతూ, "రెండు టికెట్లు తీస్కో, వచ్చేటప్పుడు ఇల్లు గూడ తెచ్చుకోవచ్చు" అన్నాడు. నేనూ నవ్వాను. యూనివర్సిటీ దాటాక ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి చూపించింది. "గిది మేం కట్టిందే. గది గూడ. లోపలికి మాత్రం పోనియ్యరు." పొగమంచులో అద్దాల బిల్డింగులు, పక్కనే రాళ్ళ గుట్టలు, మధ్యలో మేకలు. గచ్చిబౌలి చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు పల్చగా బయటికొచ్చాడు. దండం పెట్టుకున్నాను.

కొత్తగూడలో దిగి ఛాయ్ తాగాను. అక్కడి నుంచి షేర్ ఆటో. ఎవరైనా పోయేవాళ్ళుంటే ఒక మాట, ఆదివారం ఆ దిక్కు ఆటోలు నిండితే గానీ కదలవు, చేతిలో గంట ఎక్కువ పెట్టుకోండి. నేను కంపెనీ మెట్లెక్కేసరికి పదికి పది నిమిషాలే ఉంది.

కంపెనీ అంటే పెద్దదేదో అనుకునేరు. మూడంతస్తుల ఇంటి మీద రెండు గదులు, కింద ఆంధ్రా మెస్సు. డాబా మీద ఇనప స్తంభం, అదే టవర్, దానికి డ్రమ్ముల్లాంటి డబ్బాలు. నడిపేది మూర్తి గారని భీమవరం వైపు మనిషి, ఆయన, ఇంకో ఇద్దరు. చేతిలో బైనాక్యులర్ పెట్టుకుని నన్ను చూడగానే "రండి రండి, చందానగర్ అమ్మాయేనా? కంగారుపడకండి, మంచు విడుతోంది" అన్నారు. ఇల్లు గుట్ట మీద ఉండడంతో డాబా మీంచి వాయవ్యం దిక్కంతా పరుచుకుని కనపడుతుంది. రాళ్ళు, చెట్లు, చెరువు తళుకు, ఆ వెనక బూడిద రంగులో అగ్గిపెట్టెల్లా ఇళ్ళు. అదే మా చందానగర్ అట. నేను పుట్టి పెరిగిన చోటు, ఒక్క ఇల్లూ గుర్తుపట్టలేకపోయాను.

పది అయింది. ఏం లేదు. ఇంకో ఐదు నిమిషాలు, ఏం లేదు.

అంతలో ఒక చుక్క మెరిసింది. "అదిగో!" అని అరిచాను. దాని పక్కన ఇంకోటి మెరిసింది. కింద ఇంకోటి. ఎడమ పక్క రెండు. చూస్తుండగానే చందానగర్ అంతా దీపాలు పెట్టినట్టు మెరవడం మొదలుపెట్టింది. మూడుసార్లు మెరిసేవి కొన్ని, ఆగకుండా మెరిసేవి కొన్ని.

మూర్తి గారు బైనాక్యులర్ దించి నా వైపు చూశారు. "మీ వదినగారు ఎన్ని అద్దాలు పట్టుకున్నారండీ?"

నాకు అర్థమైపోయింది. మా వదినె నోట్లో నువ్వు గింజ నానదు. టవర్‌కి కనపడ్డ ఇంటికి ఇంటర్నెట్ అని గల్లీ అంతా చెప్పి ఉంటుంది. మా ఇల్లెందుకు కనపడొద్దని అందరూ ఎవరి మిద్దె వాళ్ళు ఎక్కారు. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా! మూర్తి గారికి పండగే, నా చేతిలోంచి మ్యాపు తీసుకుని లెక్కలు వేసుకుంటున్నారు. "ఇంతమందిని జీతమిచ్చి పెట్టినా ఇంత పని జరగదండీ" అంటున్నారు. నాకు మాత్రం ఏడుపొస్తోంది. అన్ని మెరుపుల్లో మాదేది?

కింద గదిలోకి ఉరికి మా బూత్‌కి ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. ఆదివారం రేటు తక్కువ, ఎవరో దుబాయ్‌లో ఉన్న మనిషితో తీరిగ్గా మాట్లాడుతుంటారు. రోజూ బేరం లేదని బాధపడేదాన్ని, ఆ పూట మొదటిసారి వచ్చిన బేరాన్ని తిట్టుకున్నాను. పైకి పోయి చూడడం, కిందికొచ్చి తిప్పడం. మెట్ల మీద నా మోకాళ్ళు పట్టేశాయి. పదకొండు కావొస్తుంటే మబ్బు కూడా ఒకటి అటు కదిలింది.

చివరికి అన్న ఎత్తాడు. "ఏందే, కనపడ్డదా?"

"అందరియి కనపడ్తున్నయి అన్నా! మనదేదో తెలుస్తలేదు. అందర్నీ ఆపమను, వదినె ఒక్కతే ఆడియ్యాలె. నువ్వు ఫోన్ పెట్టకు, గట్లనే పక్కకు పెట్టు."

అన్న బయటికి పోయి అరవడం రిసీవర్‌లో వినపడింది. నేను పైకి ఉరికాను. మెరుపులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి ఒక్కటి మిగిలింది. మెరుస్తూనే ఉంది, ధైర్యంగా, స్పష్టంగా. "మాదే సార్, మాదే!" అన్నాను. మ్యాపు లాక్కుని మా ఇంటి మీద సున్నా చుట్టబోయాను.

"ఒక్క నిమిషం ఆగండి" అన్నారు మూర్తి గారు. "ఇప్పుడామెని ఆపమనండి. ఆగితే మీదే."

మళ్ళీ కిందికి. "అన్నా, వదినెని జర ఆపమను." కాసేపటికి అన్న అన్నాడు, "ఆపింది. అద్దం కిందికే తెచ్చింది, నా పక్కనే ఉన్నది." నేను పైకి పోయాను.

ఆ మెరుపు ఆగలేదు.

డాబా గోడకి ఆనుకుని నిలబడ్డాను. తర్వాత మూర్తి గారే బైనాక్యులర్‌తో చూసి చెప్పారు. మా గల్లీకీ టవర్‌కీ నడుమ కొండాపూర్ వైపు ఒక రాళ్ళ గుట్ట ఉంది. మా మిద్దె మీంచి చూస్తే అదే మాదాపూర్ గుట్ట అనిపిస్తుంది. మేం ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాం. వదినె గంట నుంచి ఆ బండరాళ్ళకి అద్దం చూపిస్తోంది పాపం.

"మరి ఆ మెరిసేది ఎవరిది?"

అన్నని అడిగితే, బయటికి పోయి చూసొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "మల్లవ్వది. పై అర్ర మీద కూసోని ఆడిస్తున్నది. ఆమెకెవరు చెప్తరే ఆపమని?"

మల్లవ్వది మా పక్కిల్లే. పోయిన ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందెల వరస కోసం ఆమెకీ వదినెకీ పెద్ద లొల్లి అయింది. అప్పటి నుంచి మాటల్లేవు. గల్లీలో అందరికీ ఆపమని చెప్పిన మావాళ్ళు ఆమె ఒక్కదానికీ చెప్పలేదు. మేడ మీద ఆమె వేసిన పై గది మా మిద్దె కంటే ఎత్తు, అందుకే గుట్ట మీదుగా కనపడుతోంది.

"ఆ మేడ మీద పోల్ పెట్టుకుని మీ షాపుకి తీగె దించుకోవచ్చండీ" అన్నారు మూర్తి గారు. "మిగతావి దూరం, అంత తీగె లాగితే సిగ్నల్ మిగలదు. ఇంటావిడ ఒప్పుకుంటే రేపే మనిషిని పంపిస్తా." మా మిద్దె మీదే పొడుగు స్తంభం వేస్తేనో అంటే, దాన్ని నిలబెట్టడానికి నాలుగు దిక్కులా తీగెలు కట్టాలి, మీకు జాగా లేదు కదా అన్నారు. మా ఇంటి మీద ఇంటూ నేనే పెట్టాను. మల్లవ్వ ఇంటి మీద సున్నా చుట్టాను. సున్నా కోడిగుడ్డులా వచ్చింది.

మెస్సులో భోజనం బాగుంటుందట, గోంగూర పచ్చడి వేశారు. నాలుగు ముద్దలు కూడా దిగలేదు. వచ్చేటప్పుడు హఫీజ్‌పేట మీదుగా సెవెన్ సీటర్ ఆటో ఎక్కాను, ఏడుగురికి పదకొండు మందిమి. ఆకుకూరల గంప ఒళ్ళో పెట్టుకున్న ముసలామె నా మొహం చూసి అడిగింది, "ఏం బిడ్డా, దవాఖాన నుంచి వస్తున్నవా?" కాదమ్మా అని, ఆటో చప్పుడులో అంతా చెప్పుకున్నాను. ఆమె శాంతంగా విని, "అడుగుడు నువ్వు గాదు. కొట్లాడినామె అడుగాలె" అంది. అదే నా భయం కూడా. మా వదినె ఆకలికైనా ఓర్చుకుంటుంది గానీ తల మాత్రం వంచదు. దారి పొడుగునా ఆ రాళ్ళ గుట్ట మాతో పాటే వచ్చింది. ఇంత చిన్న గుట్ట!

మూడింటికి గల్లీలో దిగాను. ఇంటికి పోకముందే మల్లవ్వ మెట్లెక్కాను. పై గది నీడలో అద్దం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాది కనపడ్డదా?"

"కనపడ్డది అవ్వా. మస్తు కనపడ్డది. మాదే కనపడలె." మిగతాది కూడా చెప్పేశాను, పోల్, తీగె, సోమవారం, అన్న నడుం నొప్పి, అన్నీ.

ఆమె చాలాసేపు అద్దం కొంగుతో తుడిచింది. "మీ వదినెకి నోరు లేదా? ఆ రోజు ట్యాంకర్ కాడ మస్తుండె గద. ఆమెనే రమ్మను."

ఇంటికొచ్చి చెప్పాను. అన్న తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. వదినె పొయ్యి మీద పాలు దించింది, కొంగు దోపుకుంది, చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది.

ముందు వినపడింది అరుపులే. ట్యాంకర్, బిందెలు, ఎవరు ముందొచ్చారు, ఎవరు ఎవర్ని నెట్టారు, ఎండాకాలం లొల్లి మొత్తం మళ్ళీ మొదటి నుంచి. అన్న తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత అరుపులు ఆగాయి. ఆ నిశ్శబ్దానికి ఇంకా భయం వేసింది. నేను పొద్దుటి నుంచి అంత దూరం పోయొచ్చాను గానీ, మా రెండిళ్ళ నడిమి గోడకి ఇవతల నిలబడ్డ పావుగంటే నాకు అన్నిటికంటే పొడుగ్గా అనిపించింది.

పై నుంచి వదినె గొంతు వినపడింది.

"ఓ రజితా! అన్నని కొలిచే టేపు తీస్కొని పైకి రమ్మను. తీగె ఎంత పడ్తదో అవ్వ అడుగుతున్నది."